ఇసుక లారీ వచ్చిన రోజే తెలిసిన సంగతి

మే నెల చివరి ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు నేనూ, మరో ఇద్దరు మిత్రులూ మహబూబ్‌నగర్‌లో కారెక్కాం. జడ్చర్ల దగ్గర జాతీయ రహదారి అందుకుంటే షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ శివార్లు చేరడానికి రెండు గంటలు చాలు. ఎండ ముదరకముందే గోల్ఫ్ ఆటలోని 18 హోల్స్ (గుంతలు) పూర్తి చేయాలంటే ఉదయం ఆరింటి సమయమే దొరకాలి. దానికోసం పది రోజుల ముందే డబ్బు కట్టి గోల్ఫ్ కోర్సులో బుక్ చేసుకున్నాం.

మొదటి గ్రీన్ మీద, అంటే జెండా పెట్టిన గుంత చుట్టూ బాగా పొట్టిగా కోసిన గడ్డి మీద, అడుగుపెట్టగానే బూట్ల కింద గరగరమని శబ్దం వచ్చింది. వంగి చూశాను. చిటికెన వేలు దూరేంత రంధ్రాలు, రెండేసి అంగుళాల ఎడంతో, తాడు పట్టి నాటినంత వరుసగా గ్రీన్ అంతటా ఉన్నాయి. వాటి మీద సన్న ఇసుక పరిచి ఉంది. నేను మెల్లగా తట్టిన బంతి మూడడుగులు తిన్నగా పోయి, ఒక రంధ్రం అంచు తగిలి పక్కకు ఒరిగి, ఇంకో రంధ్రం మీద కుదురుకుని ఆగిపోయింది. చేతిలోకి తీసుకుంటే బంతికి ఒకవైపంతా ఇసుక. మిగతా 17 గ్రీన్లూ అంతే. బుక్ చేసుకున్నప్పుడు ఈ సంగతి ఎక్కడా లేదు. ముందురోజు ఫోనుకు వచ్చిన సందేశంలో లేదు. పొద్దున రసీదు ఇచ్చిన మనిషి కూడా ఒక్క మాట అనలేదు.

మూడో గ్రీన్ దగ్గర మా ముందు ఆడుతున్న ఒకాయన, పొడవాటి బ్రష్షుతో ఇసుకను రంధ్రాల్లోకి నెడుతున్న పనివాడి మీద గట్టిగా అరిచాడు. ఆ పెద్దమనిషి బ్రష్షు పక్కన పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత మాటల్లో తెలిసింది, ఆయనది కోస్గి వైపు ఊరు. మా పాలమూరు మనిషే. “ఈ పని ఎప్పుడు అనుకున్నారన్నా?” అని అడిగాను. “ఇసుక పోయిన నెలలోనే తెప్పించారు సార్. మిషను అద్దెకు మాట్లాడిన రోజే తేదీ కూడా ఖాయం చేశారు” అన్నాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబులోనే ఉంది. మేం డబ్బు కట్టేనాటికే ఆ తేదీ కోర్సువాళ్లకు తెలుసు. తెలిసిన మాటను మాకు చెప్పకుండా మా దగ్గర పూర్తి రుసుము తీసుకున్నారు. ఆ లోటు భారం మాత్రం ఎండలో ఇసుక ఊడ్చే మనిషి మోయాల్సి వచ్చింది.

గోల్ఫ్ మన దగ్గర కొద్దిమంది ఆట. ఇందులోని చిక్కు మాత్రం ముందుగా డబ్బు కట్టించుకునే ప్రతిచోటా ఉంది. ఈత కొలనులో నీళ్లు మారుస్తున్నప్పుడు, షటిల్ కోర్టు చెక్కనేల మరమ్మతులో ఉన్నప్పుడు, పెళ్లి మండపంలో సగం గదులకు సున్నం వేస్తున్నప్పుడు వచ్చే ప్రశ్న ఇదే. గోల్ఫ్‌లో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ మరమ్మతు తప్పించుకోలేనిది, తేదీ ముందే తెలిసేది, ఆటను నేరుగా మార్చేసేది.

ముందు ఆ రంధ్రాలు ఎందుకో చూద్దాం. అది అర్థం కాకుండా కోర్సు మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం.

గ్రీన్ మీద గడ్డిని దాదాపు మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. బియ్యపు గింజ పొడవులో సగం అనుకోండి. ఆ గడ్డి మీద రోజూ పదుల కొద్దీ మనుషులు తిరుగుతారు, కోత యంత్రం తిరుగుతుంది, రోలరు తిరుగుతుంది. కింద నేల అణిగి గట్టిపడుతుంది. గాలి ఆడదు, నీరు ఇంకదు, వేర్లు పైపైనే ఉండిపోతాయి. పైగా పాత కాడలు, వేర్లు చనిపోయి నేలకూ పచ్చదనానికీ మధ్య తుక్కు పొరలా పేరుకుంటాయి. ఆ పొర స్పంజిలా నీళ్లు పట్టి ఉంచి తెగుళ్లను పిలుస్తుంది.

పాలమూరు ఎర్ర చెల్కల్లో వేరుశనగ వేసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పూత అయ్యాక కొమ్మ నుంచి ఊడ దిగి నేలలోకి చొచ్చుకుపోతేనే కాయ. నేల గట్టిపడితే ఊడ దిగదు, పైనే ఎండిపోతుంది. అందుకే దుక్కిలోనే నేలను గుల్ల చేస్తాం, ఊడలు దిగడం మొదలుకాకముందే గుంటక తోలడం ముగిస్తాం. చేనును దున్నవచ్చు, గ్రీన్‌ను దున్నలేం. పైన పచ్చదనం చెదరకుండా కింద నేలను గుల్ల చేయాలి. దానికి కనిపెట్టిన ఉపాయమే ఈ రంధ్రాలు. లోపల బోలుగా ఉండే ఇనుప గొట్టాలను మూడు నాలుగు అంగుళాల లోతుకు దింపి, మట్టిని కడ్డీల్లా పైకి తీస్తారు. ఆ కడ్డీలను ఊడ్చేసి, రంధ్రాలను ఇసుకతో నింపి, బ్రష్షు తోలి, రోలరు తిప్పుతారు. దీన్నే ఏరేషన్ అంటారు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో గ్రీన్ నిర్మాణానికి ఒక పద్ధతి ప్రకటించింది. కింద 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక ప్రధానమైన పొర ఉండాలన్నది అందులో ముఖ్యాంశం. అలా ఇసుక మీద కట్టిన గ్రీన్లకు కూడా ఈ పని తప్పదు.

మన ఎండలకు తట్టుకునేది బెర్ముడా జాతి గడ్డి. గ్రీన్ల మీద ఎక్కువగా వాడేది దాని సంకర రకాలు. అవి, మనం వినాయకుడికి సమర్పించే గరిక జాతికీ ఆఫ్రికాకు చెందిన మరో జాతికీ పుట్టినవి. గరిక సంగతి మనకు తెలిసిందే, వేడీ తేమా ఉంటే రాత్రికి రాత్రి పాకుతుంది, చలికాలంలో ముడుచుకుంటుంది. కాబట్టి రంధ్రాలు తీసే పనిని గడ్డి ఉరకలేసే నెలల్లోనే పెట్టుకుంటారు. అప్పుడైతే రెండు మూడు వారాల్లో గాయం మానుతుంది. డిసెంబరులో చేస్తే నెలలు పడుతుంది. చల్లటి దేశాల్లో వాడే గడ్డి వేరు కనుక అక్కడ ఈ పనిని వసంతంలోనూ, వేసవి చివరా చేస్తారు. సరిగ్గా ఆడటానికి వాతావరణం బాగుండే రోజులవి. అంటే గడ్డికి మంచి కాలమూ ఆటగాడికి మంచి కాలమూ చాలాచోట్ల ఒకటే. ఈ తగువు ఎప్పటికీ తెగనిది అందుకే. మరమ్మతు చేసినందుకు కోర్సును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చేయని కోర్సులో రెండేళ్ల తర్వాత ఆడటానికి గ్రీన్లే ఉండవు.

ఇక ఆటగాడు పోగొట్టుకునేది ఎంత? “కోర్సు తెరిచే ఉంది కదా, 18 హోల్సూ ఆడారు కదా” అనేది తర్వాత కోర్సుకు ఫోను చేసి అడిగితే నాకు వచ్చిన జవాబు. ఈ మాటను లెక్కతోనే తూచాలి. పార్ 72 కోర్సులో, అంటే 18 హోల్సూ 72 దెబ్బల్లో పూర్తి కావాలని లెక్కగట్టిన కోర్సులో, ఒక్కో గ్రీన్ మీద రెండేసి దెబ్బల చొప్పున 36 దెబ్బలు గ్రీన్ మీదివే అనే లెక్కతో పార్ నిర్ణయిస్తారు. ఆటలో సగం అక్కడే ఉంది. ఆ సగంలో నైపుణ్యం అంటే నేల వాలును చదవడం, వేగాన్ని అంచనా వేయడం. రంధ్రాల మీద దొర్లే బంతికి ఈ రెండూ వర్తించవు.

నియమావళి కూడా ఆటగాడి పక్షాన లేదు. గ్రీన్ మీద బంతి పడి ఏర్పడిన గుంటను, బూటు గీతను సరిచేసుకునే వీలు 13.1 నియమం ఇస్తుంది. అయితే ఏరేషన్ రంధ్రాలను, గడ్డిలోకి నిలువుగా బ్లేళ్లు దింపే కోత వల్ల పడిన చాళ్లను అదే నియమం మినహాయించింది. అవి మామూలు నిర్వహణలో భాగం కాబట్టి ముట్టుకోకూడదు. నిర్వాహకులు విడిగా స్థానిక నియమం పెడితే తప్ప ఆ రంధ్రంలో ఆగిన బంతిని ఉన్నచోటు నుంచే ఆడాలి. ఆటలో అడుగుపెట్టాక చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి, ఆటగాడికి మిగిలే నిర్ణయం ఒక్కటే, ఆ రోజు రావాలా వద్దా అన్నది. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని డబ్బు కట్టాక ఇచ్చి ప్రయోజనం లేదు.

మరమ్మతును ముందుగా ప్రకటించడం మన జీవితంలో లేని పద్ధతేమీ కాదు. జిల్లా పేజీలో ఒక మూల వచ్చే చిన్న వార్త అందరం చూస్తాం. ఫలానా ఫీడరు కింద చెట్ల కొమ్మలు తొలగిస్తున్నందున ఉదయం ఇన్ని గంటల నుంచి మధ్యాహ్నం ఇన్ని గంటల వరకు విద్యుత్ సరఫరా ఉండదు, వినియోగదారులు సహకరించాలి. అది చూసి పిండిమర పెట్టుకున్నవాళ్లు ఆ పూట పని మార్చుకుంటారు, ఇంట్లోవాళ్లు ట్యాంకు ముందే నింపుకుంటారు. కరెంటు పోయినందుకు విసుక్కున్నా, మోసపోయామని ఎవరూ అనుకోరు.

తిరుమల చూడండి. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందు వచ్చే మంగళవారం ఆలయమంతా కడిగి శుద్ధి చేస్తారు. గోడలకు పరిమళ ద్రవ్యం పూస్తారు. అదే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం. ఆ కొన్ని గంటలు దర్శనం ఆగుతుంది. ఆ సంగతి దేవస్థానం ముందే ప్రకటిస్తుంది, ప్రయాణం పెట్టుకునేవాళ్లు దాన్ని చూసుకుని బయలుదేరతారు. శుభ్రం చేసుకోవడం గుడికైనా తప్పదు, ఆ విషయం చెప్పడం వల్ల గుడికి వచ్చేవాళ్లు తగ్గలేదు.

మా ఊళ్లోని పిల్లలమర్రి మాకు ఇంకా దగ్గరి ఉదాహరణ. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మహావృక్షం చెదపురుగుల బారిన పడి, 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపేశారు. 2018లో ఆస్పత్రిలో రోగికి సెలైను పెట్టినట్టు సీసాలు వేలాడదీసి, పురుగుమందు కలిపిన ద్రవాన్ని చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. ఆ ఫొటోలు పత్రికల్లో చూసి ఊరంతా ఆ చెట్టు కోసం తపించింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ ఊడలు పట్టుకుని ఊగినవాళ్లం, లోపలికి పోనివ్వడం లేదని ఒక్కరం కూడా పోట్లాడలేదు. జబ్బేమిటో, చికిత్స ఏమిటో మాకు తెలుసు కాబట్టే ఓపిక పట్టాం.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవ నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉంది. అంతకంటే ముఖ్యం, సేవాలోపం అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో, సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం కూడా చేరింది. 1986 నాటి పాత చట్టంలో ఈ అంశం విడిగా లేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఇంకో అడుగు వేశాయి. ఆన్‌లైన్ వేదిక ద్వారా వస్తువు గానీ సేవ గానీ అమ్మేవారు, కొనేవాడు తెలిసి నిర్ణయం తీసుకోవడానికి అవసరమైన వివరాలను కొనుగోలుకు ముందు దశలోనే ఇవ్వాలన్నాయి. బయటివారి నుంచి రుసుము తీసుకుని ఆడనిచ్చే కోర్సు అందించేది సేవే అని నా అభిప్రాయం. ఫిర్యాదు చేయాలంటే హైదరాబాద్ తిరగనక్కర్లేదు. వినియోగదారుడు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు చెల్లించిన సేవలకు ఫీజు లేదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు.

అయితే ‘ఉద్దేశపూర్వకంగా’ అనే మాట దగ్గర వాదం వస్తుంది. పని చేయించే విభాగానికి తెలుసు, బుకింగ్ చూసే విభాగానికి తెలియదు, ఇది మరుపే తప్ప దాపరికం కాదని కోర్సు చెప్పగలదు. చాలాచోట్ల నిజం కూడా అదే కావచ్చు. అందుకే నేను ఈ గొడవను కమిషన్ దాకా లాగలేదు. ఇసుకకు బిల్లు రాసిన రోజున అదే తేదీని బుకింగ్ పేజీలో ఎక్కిస్తే తీరిపోయే పని ఇది.

కోర్సుల వైపు భయాల్లో న్యాయమైనవీ ఉన్నాయి. వాన ఒకటి. తేదీ ప్రకటించాక ముసురు పడితే యంత్రం దిగదు, పని వారం వెనక్కి పోతుంది. అప్పుడు చెప్పిన తేదీ తప్పవుతుంది, ముందు బుక్ చేసుకున్నవాళ్లు కొత్త తేదీలో చిక్కుకుంటారు. ఇక్కడ రెండు బాధ్యతలను విడదీసి చూడాలి. బుకింగ్ నాటికే తెలిసిన పనిని బుకింగ్ పేజీలోనే చెప్పాలి. తర్వాత మారినదాన్ని మారిన రోజే సందేశంగా పంపి, రోజు మార్చుకోవడానికో డబ్బు వెనక్కి తీసుకోవడానికో అవకాశం ఇవ్వాలి. వాన ఎవరి చేతిలోనూ లేదు, ఫోను సందేశం మాత్రం చేతిలోనే ఉంది.

ఇంకొకటి, ఎంత చిన్న పని వరకు చెప్పాలి? గడ్డి కోయడం, జెండా గుంత చోటు మార్చడం రోజూ ఉండేవే. వాటికి ప్రకటన అడగడం అర్థంలేని పని. సూదుల్లాంటి సన్నటి కడ్డీలతో పొడవడం, పలుచగా ఇసుక చల్లడం వంటివి నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి. ముందురోజు సందేశంలో ఒక వాక్యం చాలు. బోలు గొట్టాలతో గ్రీన్లన్నీ తెరవడం, అసలు గ్రీన్‌కు బదులు పక్కన తాత్కాలిక గ్రీన్ పెట్టడం, కొన్ని హోల్స్ మూసేయడం, ఇవి మాత్రం డబ్బు తీసుకునే ముందే చెప్పి తీరాలి. ముందే తెలిసి ఉంటే ఆటగాడు రోజు మార్చుకునేవాడా? గీత గీయడానికి నాకు ఈ ప్రశ్న చాలు.

తేదీతో పాటు పని పేరు కూడా రాయాలి. ‘నిర్వహణ పనులు జరుగుతుండవచ్చు’ అని నిబంధనల అడుగున ఏడాది పొడవునా ఉండే వాక్యాన్ని నేను సమాచారంగా ఒప్పుకోను. 365 రోజులూ ఉండే హెచ్చరిక ఏ ఒక్క రోజు గురించీ చెప్పదు. ‘మే 26న గ్రీన్లకు ఏరేషన్, జూన్ మూడో వారానికి మామూలు స్థితి’ అని రాస్తే చదివినవాడికి పనికొస్తుంది. మానడానికి పట్టే కాలం చెప్పడం చాలా అవసరం. పని జరిగింది రెండు రోజులే అయినా దాని ప్రభావం రెండు మూడు వారాలు ఉంటుంది, మేం చిక్కుకున్నది ఆ వారాల్లోనే.

ఇక అసలు భయం, చెబితే ఎవరూ రారని. ఈ భయం వెనుక జీతాలు, కరెంటు బిల్లు, నీళ్ల ఖర్చు ఉన్నాయి, కొట్టిపారేయలేం. కానీ గోల్ఫ్ ఆడేవాళ్లందరికీ కావలసింది ఒకటే కాదు. నాతో వచ్చిన ఇద్దరిలో ఒకడు ఆట నేర్చుకుని ఆరు నెలలైంది. దూరం కొట్టడమే అతని సాధన, గ్రీన్ ఎలా ఉన్నా పట్టించుకోడు. సగం రుసుము అని రాసి ఉంటే వారంలో రెండుసార్లు వచ్చేవాడు. విదేశాల్లో చాలా పబ్లిక్ కోర్సులు ఏరేషన్ తేదీలను సీజన్ మొదట్లోనే ప్రకటించి, ఆ వారాల్లో రుసుము తగ్గిస్తాయి. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు, ప్రపంచంలో అందరూ ఆడాలని కోరుకునే చోటు, పెద్ద పోటీల వేళ తప్ప ఆదివారం ఆటకు తెరవదు. అది అందరికీ తెలుసు, అయినా అక్కడ ఒక్కసారి ఆడే అవకాశం కోసం లాటరీలో పేరు వేసుకుంటారు. రుసుము తగ్గించాలా వద్దా అన్నది కోర్సు ఇష్టం అని నేనంటాను. తగ్గించకపోయినా సరే, చెప్పి పూర్తి రుసుము తీసుకుంటే అందులో తప్పులేదు. చెప్పకుండా తీసుకుంటే సగం తీసుకున్నా తప్పే.

సభ్యులకు ఈ బాధ తక్కువ. నోటీసు బోర్డు చూస్తారు, వాట్సాప్ గ్రూపులో ఉంటారు, క్యాడీలు (ఆటగాళ్ల కర్రల సంచి మోసేవాళ్లు) చెబుతారు. దెబ్బ తగిలేది దూరం నుంచి వచ్చేవాడికి. మహబూబ్‌నగర్ నుంచో, నల్లగొండ నుంచో, వనపర్తి నుంచో వచ్చేవాడికి పెట్రోలు, టోలు, తెల్లవారుజాము నిద్ర, వారంలో ఉన్న ఒక్క సెలవు, ఇవన్నీ ఆట రుసుములో కనిపించని ఖర్చులు. ఫీజు వెనక్కి ఇచ్చినా ఇవి రావు. ముందే చెప్పమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

జూన్ మూడో వారంలో మళ్లీ వెళ్లాను. తొలకరి పడింది. మొదటి గ్రీన్ మీద రంధ్రాలున్న చోట లేత ఆకుపచ్చ చుక్కలు మాత్రమే మిగిలాయి, బంతి గీత గీసినట్టు దొర్లింది. కోస్గి పెద్దమనిషి నన్ను గుర్తుపట్టి, జెండా గుంత మార్చడానికి అప్పుడే తీసిన మట్టి దిమ్మెను చేతికిచ్చాడు. పాత రంధ్రం ఉన్నచోట ఇసుక నిలువుగా తెల్లటి గీతలా ఉంది. ఆ గీత పట్టుకునే కొత్త వేర్లు, పాలదారాల్లా, కిందికి దిగి ఉన్నాయి. “చూశారా సార్, ఎంత లోతుకు పోయాయో” అన్నాడు. ఆ ముఖంలో, విరగకాసిన చేను చూపించే రైతు సంతోషం ఉంది.

“మళ్లీ ఎప్పుడన్నా?” అని అడిగాను.

“వినాయక చవితి అయిన వారమే సార్. మిషనుకు చెప్పేశారు.”

అక్కడే ఫోను తీసి, బుకింగ్ పేజీలో చవితి తర్వాతి వారం చూశాను. అన్ని సమయాలూ ఖాళీగా ఉన్నాయి, పూర్తి రుసుముతో. ఏరేషన్ మాట ఇంకా ఎక్కలేదు.